ఆ కాస్త ఇసుక మీద వాటిని నడవనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన వారం మా జిల్లా పేజీలో మీరు వేసిన ఫొటో గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మోకాలి లోతు నీళ్లలో నలుగురు నిలబడి నీలం రంగు ప్లాస్టిక్ టబ్బులోంచి ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వంపుతున్నారు, వెనకాల స్కూలు పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. తాబేళ్లను కాపాడాలని జనం ఇలా ముందుకు రావడం చిన్న సంగతి కాదు. ఒకప్పుడు మా ఊళ్లో ఆ గుడ్లు కనిపిస్తే ఏరుకుని ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు, ఇప్పుడు కనిపిస్తే ఫోన్ చేసి చెబుతున్నారు. ఆ మార్పు తెచ్చిన ప్రతి ఒక్కరి మీదా నాకు గౌరవం ఉంది. అయినా ఆ టబ్బు చూస్తే మనసుకి కష్టంగా అనిపించింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం పొడుగ్గానే చెప్పాలి, ఓపిగ్గా చదవమని మనవి.

నేను శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మార్చి నెలాఖర్లో తొమ్మిదో తరగతి పిల్లలు ఓ పాతికమందిని వెంటబెట్టుకుని ఇలాంటి కార్యక్రమానికే వెళ్లాను. ఎక్కడో, ఎవరు చేశారో చెప్పను. మంచి మనసుతో చేసిన పని అది, వాళ్లని నలుగురిలో నిలబెట్టాలని నాకు లేదు. తెల్లవారుజామున ఐదింటికే రమ్మన్నారు. మేం వెళ్లేసరికి హ్యాచరీలో, అంటే ఏరి తెచ్చిన గుడ్లని ఇసుక గుంటల్లో పాతి కాపాడే చోట, గుంటల్లోంచి పైకొచ్చిన పిల్లల్ని అప్పటికే టబ్బుల్లోకి ఎత్తేశారు. ముఖ్య అతిథి కోసం ఎదురుచూస్తూ ఏడున్నర దాకా అలాగే ఉంచారు. ఎండ వచ్చేసింది. టబ్బు మీద తడిగుడ్డ కప్పారు, అది నిజమే, కానీ గుడ్డ తీసినప్పుడల్లా చుట్టూ ఫోన్లు, ఫ్లాష్‌లు.

ఆ రెండున్నర గంటలూ మా పిల్లలు టబ్బు చుట్టూ కూర్చుని చూశారు. ఒక్కో తాబేలు పిల్ల మన బొటనవేలంత పొడుగు ఉంటుందేమో, నల్లగా, తడిసిన చింతగింజ రంగులో, ముందు రెక్కలు ఒంటికి మించి పొడుగ్గా. ఒక్కటి కూడా ఊరికే ఉండదు. టబ్బు గోడకి రెక్కలు కొట్టుకుంటూ గరగరమని ఒకటే శబ్దం. అన్నీ ఒకే వైపుకి, సముద్రం మీద తెల్లారుతున్న వైపుకి పోగుపడుతున్నాయి. ఒక కుర్రాడు టబ్బుని సగం చుట్టు తిప్పాడు. నిమిషంలో అవన్నీ ఇటు నుంచి అటు పాకి మళ్లీ ఆ వెలుతురు వైపుకే చేరాయి. వద్దురా అని నేను అన్నాను కానీ, అప్పటికే మా క్లాసులో ఒక అమ్మాయి అడగాల్సింది అడిగేసింది. "మాస్టారూ, ఇప్పుడు సరే, తెల్లారింది కాబట్టి వెలుతురు చూసుకుని పోతాయి. లోపలికి పోయాక నాలుగు పక్కలా నీళ్లే కదా, అక్కడ వీటికి దారి ఎవరు చెబుతారు?"

ఆ అమ్మాయి వాళ్ల నాన్న వేటకి వెళ్తాడు. చుక్కలు చూసుకుని, ఒడ్డున కొండ చూసుకుని, ఇప్పుడైతే ఫోన్లో జీపీఎస్ చూసుకుని ఇంటికొస్తాడు. కాబట్టి ఆ ప్రశ్న ఆ అమ్మాయికి పుస్తకంలోది కాదు, ఇంట్లోది.

దానికి జవాబు చాలావరకు అమెరికాలో ఫ్లోరిడా తీరంలో దొరికింది. కెన్నెత్ లోమన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ముప్పై ఏళ్లకి పైగా సముద్ర తాబేళ్ల మీదే పనిచేస్తున్నారు. ఆయన మొదట్లో వాడిన సామాన్లు వింటే మా పిల్లలకి భలే నచ్చింది. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన పెద్ద డిష్ యాంటెన్నా గిన్నె, అందులో నిండా నీళ్లు. అప్పుడే పుట్టిన లాగర్‌హెడ్ అనే జాతి సముద్ర తాబేలు పిల్లకి మెత్తటి గుడ్డతో చిన్న చొక్కాలాంటిది తొడిగి, దానికి దారం కట్టి, ఆ దారాన్ని గిన్నె మధ్యలో గుండ్రంగా తిరిగే ఒక పుల్లకి కట్టారు. తాబేలు ఎటు ఈదితే పుల్ల అటు తిరుగుతుంది, ఆ దిక్కు నమోదవుతుంది. గిన్నె చుట్టూ రాగి తీగ చుట్టలు, వాటిలో కరెంటు పంపితే లోపలి అయస్కాంత క్షేత్రాన్ని మనకి కావలసినట్టు మార్చొచ్చు. లైట్లన్నీ ఆర్పేశారు, చిమ్మచీకటి, అలలు లేవు. అయినా పిల్లలు ఒక దిక్కు పట్టుకుని ఈదాయి. ఆ తీగల్లో కరెంటు పంపి క్షేత్రాన్ని తలకిందులు చేస్తే అవీ వెనక్కి తిరిగి ఎదురు దిక్కుకి ఈదాయి. 1991లో ఆ సంగతి బయటపెట్టారు. పుట్టి ఒక్క రోజు కూడా కాని ప్రాణి లోపల దిక్సూచి ఉందన్నమాట.

కానీ ఈ ఉత్తరం రాయడానికి కారణం అది కాదు, దాని తర్వాత వాళ్లు కనిపెట్టింది. దిక్సూచి ఉంటే సరిపోదు కదా, ఏ దిక్కుకి పోవాలో కూడా తెలియాలి. ఉత్తరం ఎటో చెప్పే ముల్లు నా జేబులో ఉంటుంది, మా ఊరు ఎటో ఆ ముల్లు చెప్పదు. మరి తాబేలు పిల్లకి సముద్రం తూర్పున ఉందో పడమర ఉందో ఎలా తెలుస్తుంది? 1994లో వాళ్లు చేసిన ప్రయోగం ఇదే. కొన్ని పిల్లలకి తూర్పు వైపు మసక వెలుతురు పెట్టారు, కొన్నిటికి పడమర వైపు. వెలుతురు ఎటుంటే అటు ఈదాయి. కాసేపయ్యాక దీపం ఆర్పేశారు. చీకట్లో తూర్పు వెలుతురు చూసినవి తూర్పుకే ఈదుతూ పోయాయి, పడమర చూసినవి పడమరకే. అంటే ఆ మొదటి నిమిషాల్లో కళ్లతో చూసిన దిక్కుని అవి లోపలి దిక్సూచి మీద గుర్తు పెట్టుకుంటున్నాయి. తర్వాత అలల విషయంలోనూ ఇలాంటిదే తేలింది, ఒడ్డుకి వచ్చే అలలకి ఎదురీదుతూ పోయిన దిక్కుని కూడా అలాగే గుర్తు పెట్టుకుంటాయి. ఇక ఒడ్డు కనపడదు, వెలుతురు తేడా తెలియదు, లోతులో అలలు నాలుగు పక్కల నుంచీ వస్తాయి, అప్పుడు వాటికి మిగిలేది మొదట్లో గుర్తు పెట్టుకున్న ఆ దిక్కు ఒక్కటే.

ఇప్పుడు ఆ టబ్బు సంగతి ఆలోచించండి. గూట్లోంచి బయటపడి ఇసుక మీద పాకుతూ, ఎదురుగా సముద్రం మీద పలచటి వెలుతురు చూస్తూ, అల తగిలి వెనక్కి పడి, మళ్లీ లేచి ఎదురీదుతూ పోవలసిన ప్రాణిని మనం ఆ మొత్తం దారి మీద నుంచి ఎత్తేసి, రెండు గంటలకి పైగా గుండ్రటి టబ్బులో తిప్పి, వెనక నుంచి రిసార్ట్ లైట్లు, పక్క నుంచి ఫోన్ ఫ్లాష్‌లు చూపించి, అలలు దాటించి నీళ్లలో పోస్తున్నాం. దాని జీవితంలో దిక్కు నేర్చుకునే సమయం అదే. ఆ సమయాన్ని మన ఫొటో కోసం వాడేస్తున్నాం. పైగా అవి పుట్టిన తర్వాత ఒక రోజు పాటు ఆగకుండా ఈది ఒడ్డుకి దూరంగా పోతాయి, కడుపులో మిగిలిన పచ్చసొనే వాటికి ఆ దారిబత్తెం. టబ్బు గోడకి రెక్కలు కొట్టుకుంటూ ఖర్చయ్యేది కూడా ఆ బత్తెమే.

లోమన్ ప్రయోగాలు లాగర్‌హెడ్ తాబేళ్ల మీద చేసినవి, మన తీరానికి వచ్చేది ఆలివ్ రిడ్లే, ఈ తేడా చెప్పకుండా దాటేయడం నాకు ఇష్టం లేదు. రెండూ ఒకే కుటుంబానికి చెందిన దాయాదులు, రెండూ రాత్రిపూట ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురు పట్టుకుని సముద్రంలోకి పోయేవే. మనం చెయ్యమంటున్నది ఖరీదైన పని కూడా కాదు. అలాంటప్పుడు జాగ్రత్త వైపే మొగ్గు చూపాలి కదా.

ఇది ఒక్క దిక్కుతో అయిపోయే సంగతి అయినా నేను ఇంత బాధపడేవాణ్ని కాదేమో. వాటికి దిక్సూచితో పాటు మ్యాపు లాంటిది కూడా ఉంది. ఇది చెప్పాలంటే భూమి అయస్కాంతం గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా క్లాసులో ఏటా చేసే పని ఒకటుంది, మీ పాఠకుల పిల్లలూ ఇంట్లో చేసుకోవచ్చు. ఒక సన్నటి సూదిని దారంతో సరిగ్గా మధ్యలో కట్టి, అది ఎటూ వాలకుండా అడ్డంగా నిలిచేలా వేలాడదీయాలి. తర్వాత ముడి కదపకుండా ఆ సూదిని అయస్కాంతంతో ఒకే వైపుకి ఓ ముప్పై నలభై సార్లు రుద్ది మళ్లీ వదిలితే, అది ఉత్తర దక్షిణాలకి తిరగడమే కాదు, ఉత్తరం వైపు కొస కాస్త కిందికి వాలుతుంది. భూమి అయస్కాంత రేఖలు మన దగ్గర నేలలోకి ఏటవాలుగా దిగుతున్నాయి కాబట్టి అలా జరుగుతుంది. కేరళలో తుంబా దగ్గర చేస్తే దాదాపు వాలదు, ఎందుకంటే అయస్కాంత భూమధ్యరేఖ, అంటే సూది అసలు వాలని చోట్లని కలిపే గీత, ఆ పక్క నుంచే పోతుంది, 1963లో మన దేశం నుంచి మొదటి రాకెట్‌ని అక్కడి నుంచి వదలడానికి ఆ చోటుని ఎంచుకున్నదీ అందుకే. అలాగే ఉత్తరానికి పోయే కొద్దీ వాలు పెరుగుతూ ధ్రువం దగ్గర సూది నిట్టనిలువుగా నిలబడుతుంది. వాలుతో పాటు బలం కూడా చోటుని బట్టి మారుతుంది. చాలా చిన్న బలం అది, భూమ్మీద ఎక్కడైనా దాదాపు 22 నుంచి 67 మైక్రోటెస్లాల (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య ఉంటుంది, ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే బొమ్మలో ఉన్న అయస్కాంతం దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఆ వాలునీ ఆ బలాన్నీ రెండింటినీ తాబేలు పిల్లలు పసిగట్టగలవని తేలింది. 2001లో వాళ్లు చేసిన ప్రయోగం నేను ఎన్నిసార్లు చెప్పినా నాకే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఫ్లోరిడాలో పుట్టిన పిల్లలు అట్లాంటిక్‌లో గుండ్రంగా తిరిగే పెద్ద ప్రవాహంలో చేరి, కొన్నేళ్లపాటు సముద్రం చుట్టి వస్తాయి. ఆ ప్రవాహం దాటి ఉత్తరానికి కొట్టుకుపోతే చలికి చచ్చిపోతాయి. ప్రయోగంలో ఏం చేశారంటే, ఎప్పుడూ సముద్రం మొహం చూడని పిల్లల్ని అదే గిన్నెలో పెట్టి, ఒక గుంపుకి ఉత్తర ఫ్లోరిడా దగ్గరుండే క్షేత్రం, ఇంకో గుంపుకి పోర్చుగల్ దగ్గరుండే క్షేత్రం, మూడో గుంపుకి ఆ ప్రవాహం దక్షిణపు అంచున ఉండే క్షేత్రం సృష్టించారు. మొదటివి తూర్పు ఆగ్నేయానికి తిరిగాయి. రెండోవి దక్షిణానికి. మూడోవి పడమర వాయవ్యానికి. మ్యాపు తెరిచి చూస్తే ప్రతి గుంపూ ప్రవాహం లోపలే ఉండడానికి ఎటు పోవాలో సరిగ్గా అటే పోయింది. గిన్నె కదల్లేదు, నీళ్లు మారలేదు, మారింది తీగల్లో కరెంటు మాత్రమే.

పెద్దయ్యాక అవి పుట్టిన ఒడ్డుకే తిరిగి రావడానికి కూడా ఈ క్షేత్రమే ఆధారం అనడానికి 2015లో గట్టి సాక్ష్యం దొరికింది. భూమి అయస్కాంత క్షేత్రం ఒక్కచోట నిలబడదు, ఏడాదికేడాది మెల్లగా జరుగుతూ ఉంటుంది. ఫ్లోరిడా ఒడ్డున 19 ఏళ్లపాటు లెక్కపెట్టిన తాబేలు గూళ్లని ఆ మార్పుతో పోల్చి చూశారు. పక్కపక్క ఒడ్ల అయస్కాంత గుర్తులు దగ్గరకి జరిగిన చోట గూళ్లు కూడా దగ్గరదగ్గరగా పోగయ్యాయి, గుర్తులు దూరం జరిగిన చోట గూళ్లు పలచబడ్డాయి. తల్లి తన పుట్టింటిని ఆ గుర్తుతోనే వెతుక్కుంటోంది, గుర్తు జరిగితే తనూ జరుగుతోంది.

మన ఆలివ్ రిడ్లేలు ఎంత దూరం తిరుగుతాయో కూడా చెప్పాలి. 2021లో ఒడిశా తీరంలో ట్యాగ్ కట్టిన ఒక తల్లి తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. దేశం మొత్తం చుట్టి అటు కొసకి పోయింది, దాదాపు 3,500 కిలోమీటర్లు. అంత దూరం పోగలిగిన జాతికి మనం మొదటి పది గజాల దగ్గరే అడ్డం పడుతున్నాం.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న రెండో సంగతి, ఇనప మెష్.

ఆ రోజు అతిథి కోసం చూస్తూ ఉండగా, నా బ్యాగులో ల్యాబ్‌లోని చిన్న దిక్సూచి ఉంటే తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాను, సముద్రం ఏ దిక్కున ఉందో చూడమని. ఒడ్డున నిలబడి చూసి ఆగ్నేయం అని చెప్పింది, కరెక్టే. తర్వాత దాన్ని పట్టుకుని హ్యాచరీ కంచె చుట్టూ తిరిగింది. కుక్కలు, నక్కలు రాకుండా చుట్టూ ఇనప పైపులు పాతి, జీఐ మెష్, అంటే జింకు పూత పూసిన ఇనప వల, బిగించారు. అది చాలదని ఒక్కో గుంట మీదా ఇనప తీగ బుట్ట బోర్లించారు. "మాస్టారూ, ముల్లు పాడైపోయింది" అని అరిచింది. వెళ్లి చూశాను. పాడవలేదు. పైపుకి జానెడు దూరంలో పెడితే ముల్లు ఉత్తరం వదిలేసి పైపు వైపుకి తిరుగుతోంది, ఇంకో పైపు దగ్గర ఇంకో వైపుకి. నాలుగు అడుగులు వెనక్కి వస్తే మళ్లీ బుద్ధిగా ఉత్తరానికే. బుట్ట అంచున ఇసుక మీద పెట్టినా కాస్త పక్కకి జరిగింది. ఆ ఇసుక కిందే గుడ్లు నలభై అయిదు నుంచి అరవై రోజులు ఉంటాయి.

ఫిజిక్స్ చెప్పేవాణ్ని, ఇనుము పక్కన ముల్లు తిరుగుతుందని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ బుట్ట అన్నిసార్లు చూసి కూడా నాకు ఆ ఆలోచన రాలేదు, ఆ పిల్ల చేతిలో ముల్లు తిరిగేదాకా. ఇంటికొచ్చి వెతికితే ఈ పని ఎప్పుడో చేసేశారని తెలిసింది. గూళ్ల మీద పెట్టే ఇనప పంజరాలు గుడ్ల చుట్టూ క్షేత్రాన్ని ఎంత వంకర చేస్తాయో కొలిచి 2004లోనే లోమన్ బృందం హెచ్చరించింది. పదేళ్ల తర్వాత 2014లో ఇంకో అడుగు వేశారు. కొన్ని గుడ్లని మామూలు క్షేత్రంలో, కొన్నిటిని అయస్కాంతాలు పెట్టి వంకర చేసిన క్షేత్రంలో పొదగనిచ్చారు. మామూలుగా పొదిగిన పిల్లలు పరీక్షలో సరైన దిక్కు పట్టుకున్నాయి. వంకర క్షేత్రంలో పొదిగినవి తలో దిక్కుకీ పోయాయి, ఒక దారి అంటూ లేకుండా. గుడ్డులో ఉండగానే అవి ఏదో నేర్చుకుంటున్నాయి, లేదా ఏదో కుదురుకుంటోంది. కుక్క నుంచి కాపాడటానికి మనం పెట్టిన బుట్టే వాటి దారి చెడగొట్టే అవకాశం ఉందని దీని అర్థం. ఆ ప్రయోగంలో వాడినవి అయస్కాంతాలు, మన దగ్గరున్నది ఇనప తీగ, రెండింటి బలం ఒకటి కాదని నాకు తెలుసు. అయినా ముల్లు జరగడం నా కళ్లతో చూశాను, ఇక నేను మాట్లాడకుండా ఉండలేను.

స్కూలుకి తిరిగొచ్చాక పిల్లలు వదల్లేదు, మరి ఆ దిక్సూచి దాని ఒంట్లో ఎక్కడుంటుంది మాస్టారూ అని. నిజం చెప్పాలంటే జంతువుల్లో అదింకా పూర్తిగా తేలని ప్రశ్న, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. బ్యాక్టీరియాలో అయితే తేలిపోయింది. 1975లో రిచర్డ్ బ్లేక్‌మోర్ అమెరికాలో వుడ్స్ హోల్ దగ్గర బురదలో ఒక రకం బ్యాక్టీరియా చూశాడు, వాటి ఒంట్లో మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం గింజలు పూసల దండలా వరసగా ఉంటాయి, ఆ దండే వాటిని క్షేత్రం వెంట తిప్పుతుంది. పావురాల ముక్కులో కూడా అలాంటి ఇనుమున్న కణాలు కనిపించాయని చాలా ఏళ్లు చెప్పుకున్నారు, పాఠాల్లో కూడా చెప్పేశాం, తీరా 2012లో వియన్నా నుంచి డేవిడ్ కీస్ బృందం పరీక్షించి చూస్తే అవి నరాల కణాలు కాదు, ఒంట్లో చెత్త మింగే కణాలని తేలింది. నేను పిల్లలకి అంతకుముందు తప్పు చెప్పానని ఆ ఏడాది క్లాసులోనే ఒప్పుకున్నాను.

పిట్టల దారి వేరు. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వోల్ఫ్‌గాంగ్ విల్చ్‌కో రాబిన్ పిట్టలకి అయస్కాంత దిక్సూచి ఉందని 1960ల్లో చూపించాడు. ఆ పిట్ట ఉత్తరం ఏదో దక్షిణం ఏదో చూడదు, మన సూది వాలినట్టు రేఖలు ఎటు నేలలోకి వాలుతున్నాయో అదే చూస్తుందని 1972లో ఆయనా, ఆయన భార్యా కలిసి తేల్చారు. ఆ పసిగట్టేది దాని కంట్లో ఉండే క్రిప్టోక్రోమ్ అనే ప్రోటీన్ అని, నీలి వెలుతురు పడ్డప్పుడు అందులో జరిగే రసాయన చర్య భూమి క్షేత్రాన్ని బట్టి మారుతుందని ఇప్పుడు చాలామంది నమ్మకం, 2021లో ఆక్స్‌ఫర్డ్, ఓల్డెన్‌బర్గ్ వాళ్లు రాబిన్ పిట్ట ప్రోటీన్‌ని పరీక్ష నాళికలో పెట్టి చూసి అది నిజంగానే అయస్కాంతానికి స్పందిస్తోందని చూపించారు. తాబేలు విషయంలో 2025లో ఇంకో ముడి పడింది. ఒక ప్రత్యేకమైన క్షేత్రంలో మేత పెడితే తాబేలు పిల్లలు ఆ క్షేత్రాన్ని గుర్తుపెట్టుకుని, నెలల తర్వాత మళ్లీ అది తగలగానే మేత వస్తుందని తల పైకెత్తి, నోరు తెరిచి, ముందు రెక్కలు టపటపలాడిస్తూ గిర్రున తిరుగుతాయి, అచ్చం అన్నం గిన్నె చప్పుడుకి గంతులేసే కుక్కపిల్లలా. రేడియో తరంగాలు పంపితే వాటి దిక్సూచి చెడింది కానీ ఈ చోటు గుర్తుపట్టే శక్తి చెడలేదు. అంటే దిక్కుకి ఒక ఇంద్రియం, చోటుకి వేరే ఇంద్రియం ఉన్నాయనిపిస్తోంది.

రేడియో తరంగాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఓల్డెన్‌బర్గ్ యూనివర్సిటీలో చెక్క గదుల్లో పెట్టిన రాబిన్ పిట్టలు ఏళ్ల తరబడి దిక్కు పట్టుకోలేకపోయాయి, ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. చివరికి గదులకి అల్యూమినియం రేకులు కొట్టి, ఎర్త్ చేస్తే, అప్పుడు సరిగ్గా తిరిగాయి. ఊళ్లో కరెంటు పరికరాల నుంచి వచ్చే రొదే వాటిని గందరగోళం చేసిందని 2014లో తేల్చారు. ఇది మొబైల్ టవర్లు పిచ్చుకల్ని చంపేస్తున్నాయని వాట్సాప్‌లో తిరిగే మాట కాదు, దయచేసి దాంతో కలపకండి. అక్కడ చెడగొట్టిన తరంగాల పౌనఃపున్యం మన ఫోన్లు వాడేదానికంటే చాలా తక్కువ, రేడియోలో పాత మీడియం వేవ్ ఉండే పక్క.

ఈ రొద మనిషి కొలతలకి కూడా అడ్డమే. బొంబాయి కొలాబాలో 1841 నుంచి భూమి అయస్కాంతాన్ని కొలుస్తుండేవాళ్లు. ఊళ్లోకి కరెంటు ట్రాములు వస్తున్నాయంటే కొలతలు చెడిపోతాయని పరిశీలనశాలని 1904లో అలీబాగ్‌కి మార్చారు. మన హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల పరిశీలనశాల 1964 నుంచి ఉంది, తర్వాత నగరానికి దూరంగా చౌటుప్పల్‌లో ఇంకొకటి పెట్టుకున్నారు. ముల్లు కదలకూడదని మనం ఊరే మారుస్తాం. తాబేలు గుడ్లకి అలా మారే వీలు లేదు, తల్లి జనవరి నుంచి మార్చి మధ్య రాత్రిపూట ఒడ్డెక్కి వంద గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది, మిగతాది మన చేతుల్లోనే.

అందుకని హ్యాచరీలు నడిపేవాళ్లకి, అటవీ శాఖ వాళ్లకి, నాలాంటి మాస్టార్లకి నా విన్నపం ఏమిటంటే, కంచెకి వెదురు కర్రలు, నైలాన్ వల వాడండి, తప్పనిసరై ఇనుము వాడితే గుంటలకి వీలైనంత దూరంగా పెట్టండి, గుంట మీద బుట్ట మాత్రం ఇనపది వద్దు, వెదురు తట్టలు అల్లేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పిల్లలు పైకొచ్చిన వెంటనే, చీకటి ఉండగానే, నీటి అంచుకి ఓ పది పదిహేను గజాల ఎగువన ఇసుక మీద వదిలి వాటంతట వాటిని పాకనివ్వండి. వెనక లైట్లు ఆర్పించండి. అతిథి ఆలస్యమైతే అతిథి లేకుండానే వదిలెయ్యండి, ఆయన గుడ్లు పెట్టిన గుంటలు చూసి వెళ్తాడు, కోపగించుకోడు. చూడటానికి వచ్చిన పిల్లల్ని రెండు వరసల్లో వెనక కూర్చోబెట్టండి, మా వాళ్లు పాతికమందీ రెండున్నర గంటలు కూర్చోగలిగారు, ఎవరి పిల్లలైనా కూర్చుంటారు. వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల గురించి మీరు చాలాసార్లు రాశారు, అది దీనికంటే పెద్ద సమస్య, కాదనను. కానీ దానికి చట్టం, ట్రాలర్లు, డబ్బు అన్నీ అడ్డొస్తాయి. దీనికి ఏదీ అడ్డు రాదు.

మీకు కూడా ఒక విన్నపం ఉంది. టబ్బు ఫొటో వేస్తే పక్క ఊరివాళ్లు కూడా టబ్బే పట్టుకుంటారు, అందులో తప్పు లేదు, పేపర్లో చూసి నేర్చుకుంటారు కాబట్టి. వచ్చే సీజన్‌లో మీ ఫొటోగ్రాఫర్‌ని తెల్లవారుజామున నాలుగున్నరకి పంపండి. ఫ్లాష్ లేకుండా, వెనక నుంచి, ఇసుక మీద ఆ రెక్కల గీతలు సముద్రం దాకా పోయిన ఫొటో తియ్యమనండి. ఆ గీతలు చాలా అందంగా ఉంటాయి, చిన్న ట్రాక్టర్ చక్రాలు పోయినట్టు, ఒక్కోటి కొంచెం వంకర తిరిగి మళ్లీ సరిచేసుకుని. మొదటి అల వచ్చేదాకానే ఉంటాయి, కాబట్టి త్వరగా తియ్యాలి.

మా క్లాసు అమ్మాయి వాళ్ల నాన్న చిన్న కన్ను నైలాన్ వల ఒకటి ఇస్తానన్నాడు. చిన్న కన్నే ఎందుకంటే పెద్ద కన్నయితే పిల్లల రెక్కలు చిక్కుకుంటాయని ఆయనే చెప్పాడు. కుక్క కొరికితే తెగుతుంది మాస్టారూ, రెండు వరసలు కట్టండి, మధ్యలో మూర ఖాళీ ఉంచండి అని కూడా చెప్పాడు. ఎంత పొడుగు కావాలో కొలత అడుగుతున్నాడు. ఆ హ్యాచరీ వాళ్లు ఈ ఉత్తరం చదివితే డిసెంబర్ లోపల మీ పత్రిక ద్వారా నాకు కబురు పంపితే చాలు, వల, కట్టడానికి మనుషులు, దిక్సూచి మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఒక సైన్స్ మాస్టారు,
శ్రీకాకుళం జిల్లా